దశాంశ స్ట్రింగ్‌ను పూర్ణాంకంగా మార్చడం: ఎర్రర్ రాకపోయినా లెక్క ఎందుకు తప్పుతోంది?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను. పాల కేంద్రంలో మెషిన్ ఇచ్చే సీఎస్‌వీ (విలువల మధ్య కామాలుండే పట్టిక) ఫైల్ నుంచి లీటర్లు, రేటు, దాణా అడ్వాన్సు చదివి రైతులకు బిల్లు వేసే పైథాన్ ప్రోగ్రామ్ రాస్తున్నారు. మొదట ఇంట్("4.35") అని, అంటే పూర్ణాంకంగా మార్చమని రాస్తే వాల్యూఎర్రర్ (ఈ విలువ చెల్లదనే ఎర్రర్) వచ్చింది. తర్వాత ఎక్కడో చూసి ముందు ఫ్లోట్ (దశాంశ సంఖ్య) చేసి, 100తో గుణించి, ఆ వచ్చినదాన్ని ఇంట్ చేశారు. అయినా కొన్ని వరుసల దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంటే మొత్తాన్ని ట్రై–ఎక్సెప్ట్‌లో (ఎర్రర్‌ను పట్టుకునే బ్లాక్‌లో) పెట్టి, ఎక్సెప్ట్ దగ్గర సున్నా రిటర్న్ చేశారు. ఇప్పుడు ఎర్రర్ ఒక్కటీ రావడం లేదు. కానీ రైతుల పాల పుస్తకాల్లో ఉన్న మొత్తానికీ మీ బిల్లుకీ తేడా వస్తోంది, అదీ కొందరికే. ఎక్కడ పోతోందో ఎలా పట్టుకోవాలని అడిగారు.

మీ కోడ్‌లో రెండు వేరు వేరు తప్పులున్నాయి. ఒకటి లెక్క తప్పు, రెండోది ఆ తప్పును కనపడకుండా చేసిన తప్పు. నన్నడిగితే రెండోదే పెద్దది. మీకు మొదట వచ్చిన ఆ వాల్యూఎర్రర్ మీకు మేలే చేసింది. "4.35 పూర్ణాంకం కాదు, .35ని ఏం చేయమంటారో మీరే చెప్పండి" అని అది అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాని నోరు మూయించారు. ఇప్పుడు దాని బదులు రైతులు అడుగుతున్నారు.

ముందు లెక్క సంగతి చూద్దాం.

పైథాన్ ప్రాంప్ట్ తెరిచి 4.35 * 100 అని కొట్టండి. 435 రాదు, 434.99999999999994 వస్తుంది. దాన్ని ఇంట్‌కి ఇస్తే 434 అంటుంది, ఎందుకంటే ఇంట్ దగ్గరి సంఖ్యకు సవరించదు, చుక్క తర్వాత ఉన్నదాన్ని కోసి పారేస్తుంది. అలాగే 19.99ని 100తో గుణిస్తే 1998.9999999999998, ఇంట్ చేస్తే 1998. 1.15 అయితే 114, 0.29 అయితే 28. కారణం మీరు వినే ఉంటారు: ఫ్లోట్ సంఖ్యలను కంప్యూటర్ బైనరీలో దాచుకుంటుంది. మనం 1/3ని దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే, 4.35ని అది బైనరీలో పూర్తిగా రాయలేదు. దానికి అతి దగ్గరగా ఉన్న సంఖ్యను పెట్టుకుంటుంది, అది 4.3499999999999996 దగ్గర ఉంటుంది.

తేడా కొందరికే ఎందుకు వస్తోందన్నారు కదా, దానికి జవాబు ఇక్కడే ఉంది. 4.25, 4.50, 4.75 లాంటివి బైనరీలో సరిగ్గా ఇమిడిపోతాయి. పావు, అర, ముప్పావు లెక్కన పాలు పోసినవాళ్లకు ఎప్పుడూ తేడా రాదు. మిగతా సంఖ్యల్లో కొన్ని అసలు విలువకు కొద్దిగా పైన పడతాయి, వాటికీ నష్టం లేదు. కొద్దిగా కింద పడినవాటిలో కొన్నింటికి మాత్రం గుణించాక ఒక అంకె ఎగిరిపోతుంది. టెస్ట్ చేసేటప్పుడు మనందరం కొట్టేది 10.50, 2.25 లాంటివే కాబట్టి ఈ బగ్ టెస్టింగ్‌లో దొరకదు. బిల్లుల్లో దొరుకుతుంది.

ఇది ఎంత చిన్నదో కూడా చూడండి. 4.35 లీటర్లు, లీటరు 50.25 రూపాయలు అనుకుందాం. సరైన లెక్క 218.59 రూపాయలు. మీ కోడ్ 4.34గా తీసుకుంటే 218.09. ఒక పూటకు అర్ధ రూపాయి. ఎవరూ గొడవ చేయరు. కానీ కోసెయ్యడం అనేది ఎప్పుడూ ఒకే వైపు పోతుంది. సవరించడంలో ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోయి చాలావరకు సర్దుకుంటుంది. కోతలో ఆ సర్దుబాటు ఉండదు. లీటర్ల కాలమ్‌లో పోయేది ప్రతిసారీ పాలు పోసినవాళ్ల డబ్బే, కేంద్రానికి ఒక్కసారి కూడా పోదు.

ఇలాంటి కోత ఎంత దూరం తీసుకెళ్తుందో కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ చూపించింది. 1982లో వాళ్లు కొత్త సూచీని 1000 పాయింట్లతో మొదలుపెట్టారు. లావాదేవీ జరిగిన ప్రతిసారీ సూచీని మళ్లీ లెక్కగట్టి, మూడు దశాంశ స్థానాల తర్వాత ఉన్నదాన్ని సవరించకుండా కోసేసేవారు. ఒక్కోసారి పోయేది పాయింట్‌లో వెయ్యో వంతు కన్నా తక్కువ. కానీ అది రోజుకు వేల సార్లు జరిగేది. 1983 నవంబరు నాటికి సూచీ 524 దగ్గరికి పడిపోయింది. తప్పు పట్టుకుని సరిగ్గా లెక్కగడితే అది 1098కి పైన ఉండాల్సింది. అన్ని నెలలూ ఆ ప్రోగ్రామ్ ఒక్క ఎర్రర్ కూడా ఇవ్వలేదు.

"అయితే ఇంట్ బదులు రౌండ్ పెడితే సరిపోదా?" అంటారు. రెండు దశాంశాలున్న మామూలు సైజు సంఖ్యలకు రౌండ్(4.35 * 100) సరైన జవాబే ఇస్తుంది, కాదనను. కానీ ఫ్లోట్ గుమ్మం దగ్గరే కొన్ని దూరిపోతాయి. ఫ్లోట్("నాన్") (ఇంగ్లిష్‌లో ఎన్, ఏ, ఎన్ అక్షరాలు, సంఖ్య కాదని అర్థం), ఫ్లోట్("ఇన్ఫినిటీ"), "1ఈ3" లాంటివన్నీ దానికి చెల్లుబాటు సంఖ్యలే. "4.355" అని మూడు స్థానాలతో వస్తే చప్పుడు లేకుండా సవరించేస్తుంది. మెషిన్ సెట్టింగ్ మారి మూడు స్థానాలు రావడం మొదలైతే ఆ సంగతి మీకు తెలియాలా, వద్దా? తెలియాలి.

రౌండ్‌తో ఇంకో చిక్కు ఉంది. పైథాన్‌లో రౌండ్(2.5) ఇచ్చేది 3 కాదు, 2. సరిగ్గా సగం దగ్గర ఉంటే సరి సంఖ్య వైపు వెళ్లడం దాని పద్ధతి. గణాంకాల పనికి అది మంచి పద్ధతే. మన బిల్లులకు పనికిరాదు. ఉదాహరణకు 2017 కేంద్ర జీఎస్టీ చట్టంలో 170వ సెక్షన్ పన్నును దగ్గరి రూపాయికి సవరించమంటుంది: 50 పైసలు, అంతకు మించి ఉంటే రూపాయి చేయాలి, తక్కువైతే వదిలేయాలి. 102.50 అయితే 103 కావాలి. పైథాన్ రౌండ్ 102 అంటుంది. దాణా అమ్మకానికి బిల్లు వేసినా, ఇంకేదైనా షాపుకు సాఫ్ట్‌వేర్ రాసినా ఇది గుర్తుంచుకోండి. సవరణ ఎలా చేయాలన్నది ఆ వ్యాపారమో, చట్టమో చెప్పాలి. భాషలో ఏది డిఫాల్ట్‌గా ఉందో దాన్ని తీసుకోకూడదు.

చాలామంది ఫ్లోట్ వద్దనుకుని స్ట్రింగ్‌ను చుక్క దగ్గర విరగ్గొడతారు. ఎడమ భాగం రూపాయలు, కుడి భాగం పైసలు అని. "12.5" వస్తే 12 రూపాయల 5 పైసలు అయిపోతుంది, కావాల్సింది 50 పైసలు. దాన్ని సరిచేశాక "-0.50" వస్తుంది. ఎడమ భాగం "-0"ని ఇంట్ చేస్తే ఉత్త సున్నా, మైనస్ గుర్తు మాయం. తగ్గించాల్సిన అర్ధ రూపాయి కలిసిపోతుంది. ఈ రెండోది నేను కోడ్ రివ్యూల్లో మళ్లీ మళ్లీ చూస్తుంటాను. రూపాయి దాటిన మైనస్ మొత్తాలకు కోడ్ బాగానే పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నేను వాడమనేది డెసిమల్, పైథాన్‌లో దశాంశాలను ఉన్నవున్నట్టు దాచుకునే రకం. మాటల్లో చెప్తాను, టైప్ చేయడం మీ పని. స్ట్రింగ్‌ను ముందు అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసి, మీరు ఒప్పుకునే రూపంలోనే ఉందా అని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాతో) చూడండి: కావాలంటే ఒక మైనస్, తర్వాత 0 నుంచి 9 వరకు అంకెలు, తర్వాత కావాలంటే ఒక చుక్క, దాని వెనక ఒకటి లేదా రెండు అంకెలు, అంతే. మొదటి నుంచి చివరి దాకా మొత్తం స్ట్రింగ్ సరిపోవాలి, మధ్యలో ఎక్కడో సరిపోతే చాలదు. సరిపోకపోతే అక్కడే ఎర్రర్ లేపండి. సరిపోతే డెసిమల్‌కి ఆ స్ట్రింగ్‌నే ఇవ్వండి, 100తో గుణించండి, ఇంట్ చేయండి. డెసిమల్("4.35") అంటే సరిగ్గా 4.35. డెసిమల్(4.35) అని కోట్స్ లేకుండా రాస్తే ముందే పాడైన ఫ్లోట్‌ను తెచ్చి దాని తోకంతా భద్రంగా దాచుకున్నట్టు. ఆ రెండు కోట్స్ మరచిపోతే పడిన శ్రమంతా వృథా.

అక్కడి నుంచి లీటర్లు 435 (లీటరులో నూరో వంతుల్లో), రేటు 5025 పైసలు, రెండూ పూర్ణాంకాలే. గుణిస్తే 21,85,875. దీన్ని చివర్లో ఒకే ఒక్కసారి 100తో భాగించి సవరించాలి: 50 కలిపి, రెండు స్లాష్‌ల (శేషం వదిలేసే) భాగహారం చేస్తే 21,859 పైసలు వస్తాయి. మధ్యలో ఎక్కడా సవరించవద్దు. మైనస్ మొత్తాలుంటే ఈ కిటుకు నేరుగా వాడకండి, పైథాన్ రెండు స్లాష్‌లు కిందికి దింపుతాయి, జావా భాగహారం సున్నా వైపు కోస్తుంది. గుర్తును పక్కన పెట్టి, లెక్క చేసి, తర్వాత తగిలించండి.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో 0 నుంచి 9 అని విడిగా ఎందుకు రాయమన్నానంటే, పైథాన్‌లో అంకెకు గుర్తుగా రాసే బ్యాక్‌స్లాష్ డి అన్ని లిపుల అంకెలనూ ఒప్పుకుంటుంది, మన తెలుగు అంకెలతో సహా. ఇంట్("౧౨౩") అని కొట్టి చూడండి, 123 వస్తుంది. నాకు అది చూసినప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది. కానీ అదే స్ట్రింగ్‌ను జావాస్క్రిప్ట్ నంబర్‌కి ఇస్తే సంఖ్య కాదంటుంది, సీ భాషలో స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే ఏటూఐ సున్నా ఇస్తుంది. మీ స్క్రీన్ ఒక భాషలో, సర్వర్ ఒక భాషలో ఉంటే ఒకే సమాచారం రెండు చోట్ల రెండు అర్థాలు తీసుకుంటుంది. తెలుగు అంకెలు ఒప్పుకోవాలనుకుంటే మంచిదే, గుమ్మం దగ్గరే వాటిని మామూలు అంకెలుగా మార్చుకుని లోపలికి పంపండి.

ఇక దాచిన ఎర్రర్ల సంగతి. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అంటారు కదా, మీ ఎక్సెప్ట్ బ్లాక్ అలాంటిదే.

సున్నా ఎందుకు చెడ్డ జవాబో ఆలోచించండి. పాల కేంద్రంలో సున్నాకు అర్థం ఉంది: ఆ పూట పాలు పోయలేదు. "చదవలేకపోయాను" అన్నదానికి కూడా అదే సున్నా పెడితే తర్వాత ఆ రెండింటినీ ఎవరూ విడదీయలేరు. మొత్తం కూడితే తేడా తెలియదు. సగటు తీస్తే ఇంకా ఘోరం: డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో సగటు నల్‌ను (విలువ లేని గడిని) లెక్కలోకి తీసుకోదు కానీ సున్నాను తీసుకుంటుంది, సగటు పడిపోతుంది.

మీ ఫైల్‌లో ఆ సున్నాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో నా అంచనా చెప్తాను. దాణా అడ్వాన్సు వెయ్యి దాటినప్పుడు ఎక్సెల్ "1,250.00" అని కామాతో రాసి ఉంటుంది. ఫ్లోట్‌కి కామా నచ్చదు, వాల్యూఎర్రర్, మీ కోడ్ సున్నా. అంటే 900 అడ్వాన్సు తీసుకున్నవాళ్లకు సరిగ్గా కోతపడుతుంది, 1,250 తీసుకున్నవాళ్లకు అసలు కోతే ఉండదు. ఇక్కడ నష్టపోయేది కేంద్రం. జావాస్క్రిప్ట్ పార్స్ఇంట్ అయితే "1,250.00"లో కామా దాకా చదివి 1 అని ఇస్తుంది, అది సున్నా కన్నా నమ్మించే తప్పు. కామాలు తీసేయడం మంచిదే కానీ కళ్లు మూసుకుని తీయకండి. చివరి కామా తర్వాత మూడు అంకెలు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే ఎవరో చుక్క బదులు కామా కొట్టిన "4,35" కాస్తా 435 లీటర్లు అయిపోతుంది.

రెండోది ఫైల్ మొదటి గడి. ఎక్సెల్ యూటీఎఫ్-8లో (అన్ని లిపులనూ రాయగల ఎన్‌కోడింగ్‌లో) సేవ్ చేసినప్పుడు ఫైల్ మొదట్లో కంటికి కనపడని ఒక గుర్తు పెడుతుంది. శీర్షికల వరుస లేని ఫైల్‌లో అది మొదటి అంకెకు అతుక్కుంటుంది, పైథాన్ దాన్ని ఖాళీగా భావించి తీసేయదు, ఎర్రర్ వస్తుంది. ఫలితం: జాబితాలో మొదటి పేరున్న రైతుకు ఎప్పుడూ తప్పే. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే పోతుంది. వాట్సాప్ నుంచి కాపీ చేసి అతికించిన సంఖ్యల్లోనూ ఇలాంటి వెడల్పు లేని అక్షరాలు రావచ్చు. మామూలుగా ప్రింట్ చేస్తే కనపడవు, రెప్ర్ (దాగిన అక్షరాలనూ చూపించే పైథాన్ ఫంక్షన్) చేసి ప్రింట్ చేస్తే బ్యాక్‌స్లాష్ యూతో బయటపడతాయి. అందుకే లాగ్‌లో ఎప్పుడూ రెప్ర్ రాయమంటాను.

మూడోది, ఎక్సెప్ట్ అని ఉత్తగా రాయడం. దాంట్లో మీరు ఊహించినవే కాదు, మీ టైపింగ్ తప్పులు కూడా పడతాయి. ట్రై లోపల ఒక వేరియబుల్ పేరు తప్పు రాస్తే వచ్చే నేమ్ఎర్రర్‌ను కూడా అది మింగేసి సున్నా ఇస్తుంది. ఆ దారి అరుదుగా నడిచేదైతే ఏళ్ల తరబడి తెలియదు. సరే, వాల్యూఎర్రర్ ఒక్కటే పట్టుకుందామంటే అదీ చాలదు. విలువ రాకుండా నన్ (పైథాన్‌లో ఏమీ లేదని చెప్పే గుర్తు) వస్తే టైప్ఎర్రర్, ఇన్ఫినిటీని ఇంట్ చేస్తే ఓవర్‌ఫ్లోఎర్రర్. డెసిమల్‌కి చెత్త స్ట్రింగ్ ఇస్తే వచ్చే ఇన్‌వ్యాలిడ్‌ఆపరేషన్ అసలు వాల్యూఎర్రర్ కుటుంబంలోనే లేదు, అది అరిథ్‌మెటిక్ఎర్రర్ వైపు చుట్టం. ఫ్లోట్ తీసి డెసిమల్ పెట్టినవాళ్లు పాత ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్‌ను అలాగే ఉంచి ఇక్కడ దెబ్బతింటారు. పైన చెప్పినట్టు ముందే రూపం పరీక్షిస్తే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

పాండాస్ (పైథాన్‌లో పట్టికల లైబ్రరీ) వాడేవాళ్లు కూడా ఇదే చేస్తుంటారు, పద్ధతి వేరు. టూ న్యూమరిక్‌లో ఎర్రర్స్‌కి కోయెర్స్ అని పెడితే చదవలేనివన్నీ నాన్ అవుతాయి, సమ్ చేస్తే అది నాన్‌లను వదిలేసి కూడుతుంది. ఫిల్ఎన్ఏతో వాటి చోట సున్నా పెడితే ఆనవాలు కూడా మిగలదు. కోయెర్స్ పెట్టొచ్చు, కానీ ఆ వెంటనే ఎన్ని నాన్‌లు వచ్చాయో లెక్కపెట్టి, ఒక్కటి ఉన్నా ఆ వరుసలు చూపించాలి. జావాలో అయితే బిగ్‌డెసిమల్ తీసుకుని, చుక్కను రెండు స్థానాలు కుడికి జరిపి, ఇంట్‌వాల్యూ కాకుండా ఇంట్‌వాల్యూఎగ్జాక్ట్ పిలవండి. మిగులు ఉన్నా, సంఖ్య పట్టకపోయినా అది ఎర్రర్ లేపుతుంది. సీలో ఏటూఐ వదిలేసి స్ట్రటాల్ వాడి, ఎక్కడ ఆగిందో చెప్పే పాయింటర్‌ను చూడండి.

మీ ప్రోగ్రామ్‌కి నేను సూచించే అమరిక ఇదీ. మార్చే ఫంక్షన్ తనంతట తాను ఏ ఎర్రర్‌నూ దాచకూడదు. దాన్ని పిలిచే చోట, ఒక్కో వరుసకు పట్టుకుని, వరుస సంఖ్య, కాలమ్ పేరు, రెప్ర్‌లో విలువ, కారణం ఈ నాలుగూ వేరే తిరస్కరణ ఫైల్‌లో రాయండి. చివర్లో చదివిన వరుసలు, తీసుకున్నవి ప్లస్ తిరస్కరించినవి సమానమా అని ప్రోగ్రామే చూడాలి. మెషిన్ తన సొంత మొత్తం లీటర్లు ప్రింట్ చేస్తుంటే దానితో మీ మొత్తం సరిపోల్చండి. తిరస్కరణ ఫైల్‌లో ఒక్క వరుస ఉన్నా చెల్లింపు ఆగాలి, స్క్రీన్ మీద రిపోర్టు మాత్రం "3 వరుసలు చదవలేకపోయాం" అని చెప్తూ కనపడొచ్చు. డబ్బు చేతులు మారే చోట ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు. కేంద్రం వాళ్లు తొందరపెడతారు, టెన్షన్ పడకండి, ఆ వరుసలు చూపిస్తే వాళ్లకే అర్థమవుతుంది.

టెస్ట్ కూడా ఒకటి రాయండి, ఇది చాలా సులువు. 0 నుంచి 99,999 దాకా ప్రతి పూర్ణాంకానికీ దాన్ని 100తో భాగించిన భాగఫలం, చుక్క, రెండంకెల్లో శేషం పెట్టి స్ట్రింగ్ తయారుచేసి, మీ ఫంక్షన్‌కి ఇచ్చి, అదే సంఖ్య తిరిగి వస్తోందా అని చూడండి. 999.99 వరకు ఉన్న ప్రతి విలువా కంప్యూటర్‌కు క్షణాల పని. ఇప్పుడున్న మీ కోడ్‌ను ముందు దీంతో నడపండి, ఏయే లీటర్ల దగ్గర తప్పుతోందో పూర్తి జాబితా వస్తుంది. తర్వాత చెల్లనివాటి జాబితా ఒకటి పెట్టుకోండి: ఖాళీ స్ట్రింగ్, ఉత్త చుక్క, "4.355", "4.3.5", సున్నా బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం ఉన్నది, కామాలు తప్పు చోట ఉన్నవి. వీటిలో ప్రతిదానికీ ఎర్రర్ రావాలి, రాకపోతే టెస్ట్ ఫెయిల్ కావాలి.

ఇప్పటికే వేసిన బిల్లుల సంగతి మీరు అడగలేదు, కానీ అది వదిలేయకూడదు. డేటాబేస్‌లో ఉన్న పూర్ణాంకాలను చూసి వెనక్కి లెక్కవేయడం కుదరదు, 434 అనేది 4.34 నుంచి వచ్చిందో 4.35 నుంచి వచ్చిందో వాటిలో లేదు. మెషిన్ ఇచ్చిన అసలు సీఎస్‌వీ ఫైళ్లు ఉంటే వాటినే కొత్త ఫంక్షన్‌తో మళ్లీ చదివి, పాత విలువ, కొత్త విలువ, తేడా పక్కపక్కన వచ్చేలా ఒక పట్టిక తీయండి. పాత రికార్డుల మీద కొత్త విలువలు రాసేయకండి, తేడాను వచ్చే బిల్లులో "పాత లెక్క సవరణ" అని వేరే వరుసగా చూపించండి. ఎక్కువ రావాల్సినవాళ్లకు వెంటనే కలపండి. అడ్వాన్సు కోత పడనివాళ్ల దగ్గర ఎలా, ఎన్ని విడతల్లో తీసుకోవాలన్నది కేంద్రం వాళ్లు రైతులతో మాట్లాడి తేల్చుకోవాలి, ప్రోగ్రామ్ తనంతట తాను ఒకేసారి కోసేయకూడదు. ఫైళ్లు లేని రోజులకు పాల పుస్తకంలో రాసిందే ఆధారం, ఆ రోజులను పట్టికలో విడిగా గుర్తుపెట్టి చేత్తో ఎక్కించండి.